యుద్ధకాలపు ధరలు – 6వ భాగం: కువైట్ నుంచి కొత్తపేట దాకా

గత భాగంలో 1973 అక్టోబరు యుద్ధం కథ చెప్పుకున్నాం. ఈజిప్టు, సిరియా కలిసి ఇజ్రాయెల్ మీద దాడికి దిగడం, అరబ్ దేశాలు చమురుకు కళ్లెం వేయడం, బ్యారెల్ ధర మూడు డాలర్ల నుంచి కొద్ది నెలల్లోనే పన్నెండు డాలర్ల దగ్గరికి చేరడం చూశాం. ఆ దెబ్బకు 1974లో మన దేశంలో ధరలు పాతిక శాతానికి పైగా పెరిగాయి. అయితే మన దగ్గర్నుంచి, ప్రపంచమంతటి నుంచి గల్ఫ్‌కు చేరిన ఆ చమురు డబ్బే అక్కడ మేడలుగా, రోడ్లుగా, రేవులుగా లేచింది. వాటిని కట్టడానికి మన పల్లెల మనుషులే పోయారు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి మేస్త్రీలు, కూలీలు. హైదరాబాద్ పాతబస్తీ, బార్కస్ నుంచి డ్రైవర్లు, కాపలాదారులు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు. ఈ భాగం వాళ్లతోనే మొదలవుతుంది.

1990 ఆగస్టుకు ముందు

ఇవాళ నాగోల్‌లో మెట్రో దిగి రింగురోడ్డు మీద నిలబడేవారికి ముప్పై అయిదేళ్ల కిందటి నాగోల్ ఊహకు అందదు. అప్పుడది మూసీ ఒడ్డున ఒక ఊరు. నది నీళ్లతో పెరిగే పచ్చగడ్డిని కోసి నగరంలోని పాడిపశువులకు అమ్మేవాళ్లు. వంతెన దాటితే ఉప్పల్, అక్కడ పారిశ్రామికవాడ. ఇటు వస్తే కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, విజయవాడ రహదారి. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు. నల్లగొండ బత్తాయి, వేసవిలో మామిడి లారీల మీద అక్కడే దిగేవి. 1965 యుద్ధకాలంలో సోమవారం రాత్రి ఒక పూట భోజనం మానమని దేశాన్ని అడిగిన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి పేరే ఎల్బీనగర్‌ది. ఆ కథ మూడో భాగంలో వచ్చింది.

ఇక్కడి కాలనీల్లో స్థలం కొనుక్కుంటున్నవాళ్లు ఎక్కువగా చిన్న ఉద్యోగులు, నల్లగొండ నుంచి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడుతున్నవాళ్లు. గ్యాస్ కనెక్షన్ కోసం పేరు నమోదు చేయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజులవి. చాలా ఇళ్లలో వంట కిరోసిన్ స్టవ్ మీదే. అంటే చమురు ధర పెరిగితే పెట్రోలు బంకులో బండివాడికన్నా వంటింట్లో స్టవ్ వెలిగించే ఇల్లాలికి తగిలే దెబ్బే పెద్దది.

ఇద్దరు పొరుగువాళ్ల తగాదా

1980 నుంచి 1988 దాకా ఎనిమిదేళ్లు ఇరాన్‌తో యుద్ధం చేసి ఇరాక్ అప్పుల్లో కూరుకుపోయింది. ఆ అప్పుల్లో పెద్ద మొత్తం కువైట్, సౌదీలకు బాకీ. అరబ్బులందరి తరఫునా తానే రక్తం ధారపోశానని, ఆ బాకీ రద్దు చేయాలని సద్దాం హుస్సేన్ పట్టుబట్టాడు. కువైట్ ఒప్పుకోలేదు. పైగా చమురు దేశాల కూటమి ఒపెక్ పెట్టిన కోటాకు మించి చమురు తోడి అమ్ముతోంది. బ్యారెల్ మీద ఒక్క డాలరు తగ్గితే తనకు ఏటా 100 కోట్ల డాలర్లు నష్టమని ఇరాక్ లెక్క చెప్పింది. రెండు దేశాల సరిహద్దులో ఉన్న రుమైలా క్షేత్రంలో తన వాటా చమురును కువైట్ దొంగిలిస్తోందని కూడా ఆరోపించింది.

1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సేనలు కువైట్‌లోకి దూసుకొచ్చాయి. నాలుగు రోజులకు ఐక్యరాజ్యసమితి ఇరాక్ మీద వాణిజ్య నిషేధం విధించింది. రెండు దేశాల చమురు, అంటే రోజుకు 40 లక్షల బ్యారెళ్లకు పైగా, ఒక్కసారిగా మార్కెట్‌కు దూరమైంది. జులైలో పదిహేడు డాలర్ల లోపున్న బ్యారెల్ అక్టోబరు నాటికి నలభై డాలర్లకు చేరింది.

గమనించాల్సింది ఏమిటంటే, తగ్గిన చమురులో చాలా భాగాన్ని సౌదీ తదితర దేశాలు కొన్ని నెలల్లోనే ఎక్కువ తోడి భర్తీ చేశాయి. అయినా ధర దిగలేదు. రేపు సద్దాం సౌదీ మీదికి కూడా వస్తే? బావులు తగలబెడితే? ఆ భయంతో అందరూ ముందే కొని నిల్వ చేసుకున్నారు. అమెరికాలో ఆ జులైతోనే మాంద్యం మొదలైందని ఆర్థికవేత్తలు తరువాత లెక్కకట్టారు. న్యూయార్క్ షేర్లు జులై నుంచి అక్టోబరు లోపల దాదాపు ఐదో వంతు విలువ పోగొట్టుకున్నాయి. 1989 ఆఖర్లో శిఖరం మీదున్న టోక్యో మార్కెట్ అప్పటికే జారుతోంది, ఈ వార్తతో ఇంకా జారింది. మళ్లీ 1973 వస్తుందా అన్న ప్రశ్న ప్రపంచమంతా తిరిగింది.

దినారు కాగితమైన రోజు

ఆ నాటికి కువైట్‌లో లక్షా డెబ్బై వేల మంది వరకు భారతీయులున్నారు. ఆగస్టు 1న ఒక కువైటీ దినారు మన డబ్బుల్లో అరవై రూపాయల దగ్గర ఉంది. నెలకు నలభై దినార్లు తెచ్చుకునే మనిషికి అది 2,400 రూపాయలు. ఇక్కడ ఊళ్లో అంత జీతం ఊహకు కూడా అందదు. ఇరాక్ మొదట కువైటీ దినారును తన దినారుతో సమానం చేసింది. బయటి బజారులో ఇరాకీ దినారుకు ఉన్న విలువ అందులో ఎన్నో వంతు. తరువాత కువైటీ దినారును చెల్లదనే ప్రకటించింది. బ్యాంకులో దాచుకున్నది బ్యాంకులోనే ఉండిపోయింది. చేతిలో ఉన్నది కొనే దిక్కు లేకపోయింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర, ఆ యజమాని ఎటు పారిపోయాడో తెలియదు. ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్ల కష్టం మరీ దారుణం. రోడ్డు మీద సైన్యం, ఇంట్లో తిండి లేదు, భాష అంతంతమాత్రం.

విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంను కలిశారు. సద్దాం ఆయన్ని కౌగిలించుకున్న ఫోటో ప్రపంచమంతా చూసింది, విమర్శలూ వచ్చాయి. కానీ ఆ కౌగిలి వెనుక లక్షమందికి పైగా ప్రాణాలున్నాయి. కువైట్‌లోనే స్థిరపడ్డ మలయాళీ వ్యాపారి మాథున్నీ మాథ్యూస్, అందరూ టయోటా సన్నీ అని పిలిచే మనిషి, తోటివారితో కలిసి బస్సులు కుదిర్చారు, శిబిరాల్లో తిండి సమకూర్చారు. కువైట్ నుంచి బస్రా, బస్రా నుంచి బాగ్దాద్, అక్కడి నుంచి ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్. అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిరిండియా విమానాలు. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా 59 రోజుల్లో 488 విమానాల్లో లక్షా పదకొండు వేల మందికి పైగా ఇల్లు చేరారు. పౌర విమానాలతో అంతమందిని తరలించడం చరిత్రలో అప్పటికి ఎక్కడా జరగలేదు.

బొంబాయిలో దిగి రైలెక్కి ఊరు చేరినవాళ్ల చేతుల్లో ఒక బ్యాగు, ఒంటి మీద బట్టలు. ఎదురొచ్చిన ఇంటివాళ్ల కళ్లలో సంతోషం. నాలుగు రోజులు గడిచాక గడపలో నిలబడ్డది అప్పు.

ఇంటి లెక్క, దేశం లెక్క

ఆ అప్పు సంగతి దగ్గరగా చూడాలి. గల్ఫ్ పోవాలంటే ఏజెంటుకు కట్టాలి. అందుకు పొలం కుదువ పెట్టేవాళ్లు, లేదా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లు. నూటికి మూడు అంటే నెలకు, ఏడాదికి 36 శాతం. పదిహేను వేలు అప్పు తెస్తే వడ్డీయే నెలకు 450 రూపాయలు. దినార్లు వస్తున్నంత కాలం అది భారం అనిపించదు. నెలనెలా డ్రాఫ్ట్ రాగానే వడ్డీ పోతుంది, అసలు కొంత తీరుతుంది, చెల్లెలి పెళ్లికి కొంత మిగులుతుంది. డ్రాఫ్ట్ ఆగిన నెల నుంచి వడ్డీకి వడ్డీ మొదలు.

ఆ పదేళ్లలో భారత ప్రభుత్వం నడిపిన సంసారం కూడా అచ్చం అలాంటిదే. 1980లలో ఆదాయానికి మించి ఖర్చు పెట్టాం. 1990–91 నాటికి కేంద్రం ద్రవ్యలోటు స్థూల దేశీయోత్పత్తిలో 8 శాతం దాకా వచ్చింది. ఎగుమతులతో వచ్చే డాలర్లు దిగుమతులకు చాలవు. ఆ తేడాను విదేశీ బ్యాంకుల అప్పుతో, ప్రవాస భారతీయులు ఎక్కువ వడ్డీకి ఇక్కడ దాచుకున్న డిపాజిట్లతో పూడ్చాం. అందులో చాలా భాగం కొన్ని నెలల గడువు మీద తెచ్చి, గడువు తీరగానే మళ్లీ కొత్తగా తీసుకునే అప్పు. 1991 మార్చి నాటికి మొత్తం విదేశీ రుణం 8,380 కోట్ల డాలర్లు. నమ్మకం ఉన్నంత కాలం అలాంటి అప్పు నడుస్తుంది. భయం పుట్టిన రోజు అడిగినవాడికల్లా ఇవ్వాలి.

1990 అక్టోబరు నుంచి ప్రవాసుల డిపాజిట్లు వెనక్కి పోవడం మొదలైంది. విదేశీ రేటింగ్ సంస్థలు మన స్థాయిని తగ్గించాయి. పాత అప్పును తిరగరాయడానికి బ్యాంకులు వెనకాడాయి. అదే సమయంలో చమురు బిల్లు ఏడాదికి 200 కోట్ల డాలర్ల దాకా పెరిగి 570 కోట్లకు చేరింది. ఇరాక్, కువైట్‌లకు మనం అమ్మే సరుకు ఆగింది. కువైట్ నుంచి వచ్చే డ్రాఫ్టులు ఆగాయి. ఆగస్టు ఆఖరుకు 311 కోట్ల డాలర్లున్న విదేశీ ద్రవ్య నిల్వ 1991 జనవరి 16 నాటికి 89.6 కోట్లకు పడిపోయింది.

స్టవ్, లారీ, లేత్ మిషన్

ఇవన్నీ ఢిల్లీ, బొంబాయి లెక్కలు. అవి మన వీధిలోకి ఎలా వచ్చాయో చూద్దాం.

1990 అక్టోబరులో కేంద్రం పెట్రోలియం సరుకుల మీద 25 శాతం సర్‌ఛార్జి వేసింది. జనం దానికి గల్ఫ్ సర్‌ఛార్జి అని పేరు పెట్టారు. డీజిల్ పెరిగితే లారీ బాడుగ పెరుగుతుంది. నల్లగొండ నుంచి కొత్తపేటకు వచ్చే బత్తాయికి ఆ బాడుగ రైతు తెచ్చుకునే డబ్బులోంచైనా కోసుకోవాలి, తినేవాడి జేబులోంచైనా రావాలి. మార్కెట్లో పాట పాడేది కమీషన్ ఏజెంటు. ధర నిలబడకపోతే నష్టం రైతుకే. రేషన్ షాపు దగ్గర కిరోసిన్ బండి వచ్చే రోజు తెల్లవారకముందే డబ్బాల వరుస. మనిషి పక్కకు పోయినా డబ్బా స్థలం కాపాడుతుంది. కొలిచేవాడు గరాటులో పోసే చివరి బొట్టు దాకా చూసుకుని మూత బిగించుకునేవాళ్లు. సాయంత్రం దూరదర్శన్‌లో శాంతి స్వరూప్ గారు వార్తలు చదువుతుంటే బస్రా, బాగ్దాద్, రియాద్ అన్న పేర్లు ఇంట్లో పిల్లలకు కూడా నోటికొచ్చాయి.

మూసీ అవతల ఉప్పల్ లాంటి పారిశ్రామికవాడల్లోని చిన్న యూనిట్లకు ఇంకో రకం దెబ్బ. డాలర్లు బయటికి పోకుండా ఆపడానికి రిజర్వు బ్యాంకు దిగుమతుల మీద నగదు మార్జిన్ విధించింది. విదేశీ సరుకు తెప్పించుకునేవాడు ముందుగా బ్యాంకులో కట్టి ఉంచాల్సిన సొమ్ము అది. 1990 అక్టోబరులో దిగుమతి విలువలో 50 శాతం. 1991 మార్చిలో 133 శాతం. ఏప్రిల్‌లో 200 శాతం. లక్ష రూపాయల బేరింగులో, రసాయనమో తెప్పించుకోవాలంటే రెండు లక్షలు బ్యాంకులో కట్టి కూర్చోవాలి. పెద్ద కంపెనీ ఎలాగో తట్టుకుంటుంది. నలుగురు పనివాళ్లతో లేత్ మిషన్ నడిపే యజమాని ఏం చేస్తాడు? ఆర్డరు వదులుకుంటాడు, లేదా ఒక పనివాణ్ని వచ్చే నెల రావద్దంటాడు. ప్రపంచ మాంద్యం అన్న పెద్ద మాట ఒక కుర్రాడి జీతం ఆగిపోవడంగా మన వీధికి వచ్చింది.

దీనికి తోడు ఆ డిసెంబరులో హైదరాబాద్ మతకల్లోలాలతో అట్టుడికింది. పాతబస్తీలో రోజుల తరబడి కర్ఫ్యూ. ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి తప్పుకున్నారు, డిసెంబరు 17న నేదురుమల్లి జనార్దన్‌రెడ్డి వచ్చారు. రోజు కూలి మీద బతికేవాడికి కర్ఫ్యూ అంటే ఆ పూట పొయ్యి వెలగకపోవడమే.

ఢిల్లీలో మూడు ముక్కలాట

ఇంత గండం ముంచుకొస్తుంటే దేశ రాజధాని ఏం చేస్తోంది? ఇరాక్ కువైట్‌లోకి దిగిన అయిదు రోజులకు, ఆగస్టు 7న, ప్రధాని వి.పి. సింగ్ మండల్ సిఫార్సుల అమలు ప్రకటించారు. సెప్టెంబరు 25న అద్వానీ సోమనాథ్ నుంచి రథయాత్ర మొదలుపెట్టారు. దేశం మొత్తం ఆ రెండింటి చుట్టూ తిరిగింది. నవంబరు 7న సింగ్ ప్రభుత్వం కూలింది. మూడు రోజులకు చంద్రశేఖర్ ప్రధాని అయ్యారు. ఆయన వెంట ఉన్నది జనతాదళ్ చీలిక ఎంపీలు. కుర్చీని మోస్తున్నది బయటి నుంచి రాజీవ్‌గాంధీ కాంగ్రెస్. ఎవరికి ఎవరి మీదా నమ్మకం లేదు.

అయినా ఖజానా సంగతి చూడాల్సిందే. ఆర్థిక మంత్రి యశ్వంత్ సిన్హా, రిజర్వు బ్యాంకు గవర్నర్ ఎస్. వెంకటరమణన్, డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్ ఆ భారం మోశారు. రంగరాజన్ తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చారు. ఆర్థిక శాఖలో విదేశీ చెల్లింపుల లెక్క చూసిన సంయుక్త కార్యదర్శి యాగా వేణుగోపాల్‌రెడ్డి కడప జిల్లా బిడ్డ, ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్. వారం వారం ఎవరికి ఎంత కట్టాలి, చేతిలో ఎంత ఉంది అని చూసుకుంటూ గడిపిన నెలలవి. 1991 జనవరిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 180 కోట్ల డాలర్లు వచ్చాయి. అదే నెలలో గల్ఫ్‌కు పోతున్న అమెరికా సైనిక విమానాలు మన విమానాశ్రయాల్లో ఇంధనం నింపుకోవడానికి చంద్రశేఖర్ ప్రభుత్వం అనుమతించింది. ద్రవ్యనిధిలో అమెరికా మాటకు ఎంత బరువుందో ఢిల్లీకి తెలుసు. కాంగ్రెస్ ఆ అనుమతిని తీవ్రంగా వ్యతిరేకించింది. మద్దతు మీద బతికే ప్రభుత్వం పూర్తి బడ్జెట్ కూడా పెట్టలేక ఓట్ ఆన్ అకౌంట్‌తో సరిపెట్టుకుంది. మార్చి 6న చంద్రశేఖర్ రాజీనామా చేశారు.

బాంబులు పడ్డాయి, ధర పడింది

ఈ మధ్యలో జరిగిన ఒక్క రోజు సంగతి విడిగా చెప్పాలి. జనవరి 17 తెల్లవారుజామున అమెరికా, దాని మిత్రదేశాలు బాగ్దాద్ మీద బాంబుల వర్షం కురిపించాయి. యుద్ధం మొదలైతే చమురు ఇంకా మండుతుందని ఆరు నెలలుగా ప్రపంచం వణికింది. ఆ రోజు న్యూయార్క్‌లో జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. 32 డాలర్ల దగ్గరున్న బ్యారెల్ ఒక్క రోజులో 21 డాలర్ల చిల్లరకు దిగింది. సౌదీ బావులు భద్రంగా ఉన్నాయని తేలడంతో, ఆరు నెలలుగా ధర మీదెక్కి కూర్చున్న భయం ఒక్కసారిగా దిగిపోయింది. ఫిబ్రవరి 28కి యుద్ధం ముగిసింది. పారిపోతూ ఇరాక్ సేనలు ఆరు వందలకు పైగా బావులు తగలబెట్టినా ధర మళ్లీ ఎగబాకలేదు. అమెరికా మాంద్యం మార్చితోనే ముగిసింది. మళ్లీ 1973 రాలేదు.

మరి మనకెందుకు ఊరట దక్కలేదు? ఈ మొత్తం ధారావాహికలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచిన మాట ఇక్కడే ఉంది. యుద్ధకాలపు భయం అందరినీ ఒకేలా తాకదు. నిల్వ ఉన్నవాడు దాన్ని దాటేస్తాడు. అరువు డబ్బు మీద బతుకుతున్నవాడి దగ్గర అది తిష్ఠ వేస్తుంది. చమురు చవకైంది కానీ, భయపడి వెనక్కి తీసుకున్న డిపాజిట్లు తిరిగి రాలేదు. పైపెచ్చు 1991 ఏప్రిల్, మే, జూన్ మూడు నెలల్లోనే మరో 95 కోట్ల డాలర్లు పోయాయి. కువైట్ విముక్తమైంది కానీ, కరీంనగర్‌లో కుదువపెట్టిన పొలం విముక్తం కాలేదు. ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం కువైట్ విడిచి వచ్చిన ఒక్కొక్కరికి 2,500 డాలర్ల నుంచి 4,000 డాలర్ల దాకా నిర్ణయించింది. నిర్ణయం మంచిదే. ఆ డబ్బు చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. నూటికి మూడు రూపాయల వడ్డీ అన్నేళ్లు ఆగి ఎదురుచూడదు. కూలినవారి దగ్గరికి సాయం వేగంగా చేరకపోతే, యుద్ధం ఎప్పుడు ముగిసిందన్న ప్రశ్నకు వాళ్ల ఇంట్లో వేరే జవాబు ఉంటుంది.

బంగారం బయల్దేరింది

మే నెలలో ఆపద్ధర్మ ప్రభుత్వం గుండె దిటవు చేసుకుని ఒక నిర్ణయం తీసుకుంది. స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న బంగారంలోంచి 20 టన్నులు స్టేట్ బ్యాంక్ ద్వారా స్విట్జర్లాండ్ బ్యాంకుకు, తిరిగి కొనుక్కునే షరతు మీద, అమ్మింది. సుమారు 20 కోట్ల డాలర్లు చేతికొచ్చాయి. అప్పు ఎగ్గొట్టిన దేశం అన్న పేరు రాకూడదని అంత పని చేశారు. ఆడపిల్ల మెడలో గొలుసు తాకట్టు పెట్టడమంటే మన ఇళ్లలో ఎంత చివరి మాటో అందరికీ తెలుసు. అందుకే ఆ పని చేయడానికి ఆ అధికారులకు ఎంత గుండెకోత అయి ఉంటుందో మనకు అర్థమవుతుంది.

అదే మే 21న రాజీవ్‌గాంధీ విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని మద్రాసు వెళ్లారు. ఆ రాత్రి శ్రీపెరుంబుదూరులో ఆయన హత్య జరిగింది. మిగిలిన విడతల ఎన్నికలు జూన్‌కు వాయిదాపడ్డాయి. దేశానికి ప్రభుత్వం లేదు, ఖజానాలో రెండు మూడు వారాల దిగుమతులకు మించి డాలర్లు లేవు. ఆ సమయంలో, ఈసారి ఎన్నికల్లో పోటీకే దిగకుండా, పుస్తకాలు సర్దుకుని ఢిల్లీ నుంచి హైదరాబాద్ చేరాలనుకున్న ఒక పెద్దమనిషి ఉన్నారు. అప్పటి కరీంనగర్ జిల్లా వంగర ఆయన ఊరు. గల్ఫ్‌కు మనుషులను పంపి, వాళ్ల అప్పులు మోసిన జిల్లాయే దేశానికి ఆ గండంలో ప్రధానిని కూడా ఇచ్చింది.

జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రమాణస్వీకారం చేశారు. రెండు వారాలు తిరక్కముందే రూపాయి విలువ రెండుసార్లు తగ్గింది. రిజర్వు బ్యాంకు ఖజానాలోని బంగారం, ఈసారి దాదాపు 47 టన్నులు, విదేశానికి బయల్దేరింది. జులై 24 బడ్జెట్‌లో ఎరువుల ధర పెరిగింది, అదే రోజు లైసెన్సుల రాజ్యానికి తెరపడింది. ఆ నెల రోజుల్లో ఎవరు ఎవరిని ఒప్పించారు, ఎవరు ఎదురుతిరిగారు, నల్లగొండ రైతు మీద ఏం పడింది, దిల్‌సుఖ్‌నగర్ కుర్రాళ్లకు ఏ దారి తెరుచుకుంది – వచ్చే భాగంలో.